పరస్థానం పెట్టిన ఫ్లాస్కు

పెళ్ళిచూపులకని బయలుదేరి జైలుగుమ్మం దాకా వెళ్ళిన మనిషి మా చోడవరం చరిత్రలో నాకు ముందు ఎవరూ లేరు. ఆ లోటు నేను తీర్చాను. ఎలా తీర్చానో చెబుతాను. గుండె బలహీనంగా ఉన్నవారు పక్కన కాసిని మంచినీళ్ళు పెట్టుకుని చదవండి. చెంబులోనే పెట్టుకోండి. ఫ్లాస్కులో వద్దు.

అప్పటికి నేను పట్టా పుచ్చుకుని, ఉద్యోగం పుచ్చుకోకుండా ఇంట్లో ఉన్నాను. అలాంటి మనిషికి అభిప్రాయాలు ఎండాకాలం చెమటలా పోస్తాయి. పట్నం నుంచి చోడవరానికి ఏ కొత్త వస్తువు దిగినా నా అభిప్రాయం పడితేగాని అది ఇంట్లోకి వెళ్ళేది కాదు. "మూడు బ్యాటరీల టార్చి వేస్తే దొంగ మనకి కనబడతాడు, రెండు బ్యాటరీల టార్చి వేస్తే మనం దొంగకి కనబడతాం" అని తేల్చింది నేనే. పంపుస్టవ్వు మీద నా తీర్పు: "దానికి గాలికొట్టే ఓపిక ఉన్నవాడికి ఆకలి ఉండదు, ఆకలి ఉన్నవాడికి ఓపిక ఉండదు." ఫౌంటెన్ పెన్ను కాగితం కన్నా జేబు మీద బాగా రాస్తుందన్నాను. ఈ అభిప్రాయాలు చెప్పడానికి ఆ వస్తువులు నా దగ్గర ఉండవలసిన అవసరం ఎప్పుడూ కనబడలేదు.

అలాంటి నాకు ఓడరేవులో పనిచేసే మా మావయ్య ఒక ఫ్లాస్కు ఇచ్చాడు. ఆకుపచ్చ రేకు ఒళ్ళు, లోపల అద్దంలాంటి గాజుసీసా, దానికి బెండుబిరడా, పైన గ్లాసుగా కూడా పనికొచ్చే మరమూత. సొంత వస్తువు చేతికొచ్చేసరికి అభిప్రాయం కాస్తా సిద్ధాంతం అయిపోయింది.

ఇది ఇలా ఉండగా మా పెదనాన్న విశాఖపట్నంలో నాకొక సంబంధం చూశాడు. చూశాడంటే, నేను అంతకు ముందే మాడుగులలో ఒక పెళ్ళిలో ఆ అమ్మాయిని చూసి, ఆ సంగతి ఆయన చెవిన పడేలా నలుగురి చేతా చెప్పించాను. అమ్మాయి పేరు సుభద్ర. ఆ పెళ్ళిలో పెట్రోమాక్సు దీపం ఎందుకు ఆరిపోయిందో నేను పదిమందికి ఉపన్యసిస్తుంటే, ఆవిడ వచ్చి మాటా పలుకూ లేకుండా దాన్ని వెలిగించి వెళ్ళిపోయింది. ఆ వెలుగులో నాకు నా భవిష్యత్తు కనబడింది.

చిక్కల్లా అమ్మాయి తండ్రితోనే. ఆయన మద్యనిషేధం ఇన్‌స్పెక్టరు. అవి నిషేధం కట్టుదిట్టంగా అమలవుతున్న రోజులు. కల్లు, సారా తాగడమే కాదు, దగ్గర పెట్టుకున్నా నేరమే. ఆయన ముక్కు గురించి ఊళ్ళల్లో కథలుండేవి. గట్టు మీద నిలబడి గాలి పీల్చి, ఏ పొలంలో కుండ పాతిపెట్టారో చెప్పేవాడట. ఉద్యోగం లేని కుర్రాడికి పిల్లనివ్వడానికి ఆయనకి మనసొప్పలేదు.

"అయినా భయం నేదురా సూర్నాణా" అన్నాడు పెదనాన్న. "ఆ ఇంట్లో ఇన్‌స్పెక్టరు మాట సెల్లదు. ఆళ్ళమ్మ మాటే. ఆ మామ్మ పుట్టిల్లు మన కె.కోటపాడు పక్కనే. పళ్ళన్నీ ఊడిపోయేయట. 'సెరుకు నవల్నేను, గానుగ కాడ రసం తాగి ఎన్నాళ్ళయిందో' అని బెంగెట్టుకుందట."

మా చెరకు గానుగ ఆడుతున్న కాలం అది. బెల్లం వంట వదిలి రాలేక మా నాన్న పెళ్ళిచూపుల బాధ్యత పెదనాన్నకే అప్పగించాడు కూడా. నా బుర్రలో దీపం వెలిగింది. అది అప్పుడే ఆరిపోయినా బాగుండేది.

"పెదనాన్నా! మామ్మగారికి తాజా రసం మనం పట్టుకెళ్దాం. ఫ్లాస్కులో!"

పెదనాన్న సంతోషించి పంచాంగం తీశాడు. తీయగానే ఆయన ముఖం మారింది. ఇన్‌స్పెక్టరుగారు రమ్మన్నది సోమవారం. సోమవారం తూర్పు ప్రయాణం వారశూల. మాకు విశాఖపట్నం ఉన్నది తూర్పునే. ఊరిని జరపడం కుదరదు కాబట్టి పెదనాన్న పరస్థానం పెడదామన్నాడు.

ఈ ఆచారం తెలియనివారికి ఒక్క మాట. వెళ్ళవలసిన రోజు మంచిది కాకపోతే, ముందురోజు మంచి గడియ చూసి, ప్రయాణంలో మనతో వచ్చే వస్తువొకటి పొరుగింట్లో పెట్టి వస్తారు. వస్తువు గడప దాటింది కాబట్టి మనమూ దాటినట్టే లెక్క. మర్నాడు దాన్ని తీసుకుని ఏ శూలలోనైనా వెళ్ళవచ్చు. దేవతల కళ్ళు ఇంత సులువుగా కప్పవచ్చని మన పెద్దలు కనిపెట్టినందుకు నాకు ఇప్పటికీ గర్వమే. షరతులు రెండే. పరస్థానం పెట్టిన వస్తువు తిరిగి ఇంట్లోకి రాకూడదు. గమ్యం చేరేదాకా దాని ముడి విప్పకూడదు.

"నా గొడుగు పెడతాను" అన్నాడు పెదనాన్న.

ఇక్కడ నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథ లేదు. కాని నోరు మూసుకోవడం మా కళాశాలలో పాఠ్యాంశం కాదు.

"పెళ్ళికొడుకు వస్తువు పెట్టాలి గాని మీ గొడుగేమిటి? ఫ్లాస్కే పెడదాం. రసం పోసే పెడదాం."

"రేపటికా! ఏటిరా నీ మాట? పొద్దున్న పిండిన సెరుకురసం సందేళకి పులిసిపోద్ది. మన ఊళ్ళో బోసిముడ్డి గుంటడిక్కూడా తెలుసు."

"గుండిగలో పోస్తే పులుస్తుంది పెదనాన్నా. ఇది ఫ్లాస్కు. ఇందులో వేడి పోస్తే వేడిగానే ఉంటుంది. చల్లనిది పోస్తే చల్లగానే ఉంటుంది. అంటే అర్థమేమిటి? లోపలికి పోయిన వస్తువు మీద కాలం పనిచేయదు. తాజాది పోస్తే తాజాగానే ఉండి తీరుతుంది."

పెదనాన్న గొడుగు పక్కన పెట్టేశాడు. "అంత సదువుకున్నోడివి, నీకు తెల్దేటి" అన్నాడు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నా మతి ఒక్కటే పోతే ఫర్వాలేదు, పెద్దవాడి మతి కూడా పట్టుకుపోయాను.

ఆదివారం పొద్దున్నే గానుగ దగ్గర రసం పట్టి, బిరడా గుద్ది, మరమూత బిగించాను. పెదనాన్న దానికి పసుపు రాసి, కొత్త తువ్వాలులో చుట్టి, ఏనుగుని కట్టినా తెంచుకోలేని ముళ్ళు వేశాడు. మంచి గడియలో తీసుకెళ్ళి ఎదురింటి అప్పలమ్మత్త వంటింట్లో పెట్టాం. సోమవారం వేకువనే తీసుకోవడానికి వెళితే అత్త ఎంతో ప్రేమగా చెప్పింది: "సలికి బిగుసుకుపోద్దేమోనని రేతిరంతా పొయ్యి పక్కనే ఎట్టేను బాబూ."

బస్సు ఎక్కాం. అనకాపల్లిలో మారి రెండో బస్సు ఎక్కి, మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. బస్సు కుదుపులు మీకు తెలియనివి కావు. ఆ రోడ్డు మీద చల్ల చిలుక్కోనక్కర్లేదు, ముంత పట్టుకు కూర్చుంటే వెన్న తేలుతుంది. కొంతదూరం వెళ్ళాక నా ఒళ్ళో ఏదో నిట్టూర్చింది.

నేను పెదనాన్న వైపు చూశాను. ఆయన కునుకుతున్నాడు. మళ్ళీ వినిపించింది. ఈసారి నిట్టూర్పు కాదు, స్పష్టంగా "బుస్స్..."

నా పక్కనున్న బుచ్చయ్యపేట రైతు మూట వంక చూశాడు. నా వంక చూశాడు. మళ్ళీ మూట వంక చూశాడు.

"బాబూ, పసుపు రాసిన మూట. లోన బుస కొడతంది. ఏటది?"

"రసం."

"రసం బుస కొడతాదేటి బాబూ?"

నేను అభిప్రాయం చెప్పడం మాని మూటని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను. అతను లేచి వెనక్కి వెళ్ళిపోయాడు. వెళుతూ ముందు సీటువాడి చెవిలో ఏదో చెప్పాడు. అతనూ లేచాడు. కాసేపటికి కిక్కిరిసిన ఆ బస్సులో మా చుట్టూ పెళ్ళిపందిరి వేయడానికి సరిపడా చోటు ఏర్పడింది.

నేను పెదనాన్నని లేపాను. "పెదనాన్నా, కొంచెం ముడి విప్పి మూత వదులు చేస్తాను. లోపల గాలి..."

"నాలిక కొరుక్కో!" పెదనాన్న రెండు చేతులతో నా చెయ్యి పట్టుకున్నాడు. "పరస్థానం మూట దారిలో ఇప్పుతావేటిరా? సంబంధం ఇప్పేసినట్టే!"

"విప్పకపోతే అదే విప్పుకునేలా ఉంది."

"రసం తాజాగా ఉందన్నావు కదా?"

"ఉంది."

"మరి భయమేల?"

ఆయన మళ్ళీ కునుకు తీశాడు. రసం పోయనేల, మూత పట్టుకోనేల! ఆ క్షణం నుంచి విశాఖపట్నం దాకా నేను తువ్వాలు మీంచి మూతని బొటనవేలితో అదిమిపెట్టుకుని కూర్చున్నాను. గట్టిగా అదిమితే లోపల గాజు పగులుతుందేమోనని భయం. వదిలితే మూత ఎగురుతుందేమోనని భయం. ఇవి రెండూ కాక ఆ తువ్వాలులోంచి సన్నగా ఒక వాసన మొదలైంది. పుల్లగా, తియ్యగా, కొంచెం తలకెక్కుతూ. అది ఏ వాసనో నాకు తెలుసు. ఆ వాసన పట్టుకోవడానికే ప్రభుత్వం జీతమిచ్చి పోషిస్తున్న మనిషి ఇంటికే నేను వెళుతున్నాను.

బస్సు దిగేటప్పుడు ఒక తెలివైన పని చేశాను. మూటని సీటు కింద "మరచిపోయి" దిగి, పెదనాన్నని తొందరపెడుతూ బజారులోకి నడిచాను. వెనక నుంచి పరుగు చప్పుడు వినిపించింది.

"ఓ బాబూ! ఆగండి!" కండక్టరు మూటని చేతికి వీలైనంత దూరంగా పట్టుకుని పరిగెత్తుకొస్తున్నాడు. "మీ పాముని మర్చిపోయేరు!"

"చూసేవా" అన్నాడు పెదనాన్న కళ్ళు చెమర్చి. "పరస్థానం మహిమ. పోయిన వస్తువు ఎనక్కొచ్చింది."

ఇన్‌స్పెక్టరుగారి ఇల్లు మహారాణిపేటలో. అరుగు మీద జవాను కూర్చుని ఉన్నాడు. రసం తెస్తున్నామని పెదనాన్న ముందే కబురు పంపాడు కాబట్టి, లోపల చాప మీద మామ్మగారు, చేతిలో వెండిగ్లాసు పట్టుకుని, మా కోసమే పొద్దుటినుంచీ కాచుకుని ఉంది. కుర్చీలో ఇన్‌స్పెక్టరుగారు. ఆయన వెనక గోడకి కొక్కెం, కొక్కేనికి ఆయన టోపీ. ముక్కు గురించి నేను విన్నదంతా తక్కువే. అది ముఖంలో భాగంగా లేదు, ముఖమే దాని వెనక నౌకరులా ఉంది.

నేను కిటికీ పక్క కూర్చుని, మూటని గాలివాటుకి పెట్టుకున్నాను. ఆ రోజు సముద్రపు గాలి లేకపోయి ఉంటే నేను అరుగు మీదే పట్టుబడేవాణ్ణి.

"మొన్న దేవరాపల్లి వైపు ఒకణ్ణి పట్టేను" అని మొదలుపెట్టారాయన, నా వంకే చూస్తూ. "బెల్లపు ఊట. కుండని కొబ్బరాకుల్లో దాచేడు. నేను బండి దిగకుండానే చెప్పేను, మూడో రోజు పులుపు అని. ఆరునెలలు."

"పులుపు మూడో రోజుదేనా అండి?" అన్నాను.

"ఒకరోజుదైతే మాత్రం వదుల్తానా బాబూ!"

"ఒరే, నీ కుండల కతలు తరవాత" అంది మామ్మ. "బాబూ, రసం తెచ్చేవట. ఏదీ, ఇటు పొయ్యి."

"నిన్ననే పోసి పరస్థానం ఎట్టేం మామ్మా" అంటూ పెదనాన్న మూట అందుకుని ముడి మీద చెయ్యి వేశాడు. నా ప్రాణాలు ఆ ముడిలోనే ఉన్నాయి. ఆయన నమ్మకాన్నే ఆయన మీద ప్రయోగించాను.

"పెదనాన్నా, గడియ చూసారా? వర్జ్యమేమో! దుర్ముహూర్తమేమో!"

పెదనాన్న ఆనందంతో ఊగిపోయాడు. పట్టా పుచ్చుకున్న నాటినుంచి పంచాంగాన్ని వెక్కిరించిన కుర్రాడు మారాడు! గబగబా పుస్తకం తీసి వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "ఒరే, అమృతఘడియ నడస్తంది! ఇంతకంటె మంచి గడియ ఈ నెల్లో నేదు."

"మామ్మగారికి జలుబు చేస్తుందేమో..."

"నాకా? పెద్దరోగాలే నన్ను చూసి పారిపోయేయి. పొయ్యి నాయనా."

అప్పుడు ఇన్‌స్పెక్టరుగారు తల కొంచెం పక్కకి వంచారు. "నిన్న పోసిన రసమన్నారు కదా. ఇవాళ తాజాగా ఎలా ఉంటుంది బాబూ?"

పాఠకులారా, ఇది నా జీవితంలో దేవుడు తెరిచిన కిటికీ. "ఉండదండి, పొరపాటైంది, పారబోస్తాను" అంటే చాలు. అనడానికి నోరు తెరిచాను కూడా. సరిగ్గా అప్పుడే సుభద్ర జంతికల పళ్ళెంతో గుమ్మంలోకి వచ్చింది. వచ్చి నన్ను చూడలేదు. ఫ్లాస్కు వంక చూసింది. ఆ చూపులో ఆసక్తి ఉంది. తెరిచిన నోరు దానంతటదే పనిచేసింది.

"దీని రహస్యమే అదండి. రెండు గాజుగోడలు, మధ్యన శూన్యం. వేడి వేడిగానే, చల్లన చల్లగానే. లోపలి వస్తువు మీద కాలం పనిచేయదు."

"అలాగా" అన్నారాయన. "అయితే చూద్దాం."

పెదనాన్న ముళ్ళు విప్పాడు. తువ్వాలు ఊడింది. నేను ఫ్లాస్కు అందుకున్నాను, కనీసం మూతైనా మెల్లగా తీద్దామని. మరమూత ఒక చుట్టు తిప్పాను. రెండో చుట్టు నేను తిప్పలేదు.

ఢాం!

మూత ఒకవైపు, బిరడా ఒకవైపు ఎగిరాయి. బిరడా తిన్నగా వెళ్ళి కొక్కేనికున్న ప్రభుత్వపు టోపీని కొట్టింది. టోపీ ఇన్‌స్పెక్టరుగారి ఒళ్ళో పడింది. ఫ్లాస్కులోంచి నురగ అభిషేకంలా లేచి ఆయన తెల్లని లాల్చీ మీద, జంతికల మీద, పెదనాన్న పంచాంగం మీద సమానంగా పడింది. ఆ వెనక వాసన లేచింది. అది ఇక దాగుడుమూతల వాసన కాదు. పదిమందిలో నిలబడి తన పేరు, ఇంటిపేరు చెప్పుకునే వాసన.

అరుగు మీంచి జవాను పరుగున వచ్చి సలాం కొట్టాడు.

"అయ్యగారూ! ఈ దగ్గర్లోనే ఎక్కడో బట్టీ ఎట్టేరండి! వాసన గుప్పుమంటంది. ఈల కొట్టమంటారా?"

"బయటకి పో" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు. తరవాత కళ్ళు మూసుకుని ఒకసారి గాలి పీల్చారు. ఏడాది పిల్లాడికి జాతకం చెప్పే సిద్ధాంతిలా నెమ్మదిగా అన్నారు: "చెరకు. నిన్న పొద్దుటిది. రాత్రి వెచ్చని చోట ఉంది. దారిలో బాగా కుదిపేరు."

ఫ్లాస్కుని నేను అన్యాయంగా నిందించలేను. పులియడానికి ఏ వెచ్చదనం కావాలో ఆ వెచ్చదనాన్ని అది ఎంతో శ్రద్ధగా కాపాడింది. అది చేస్తానన్న పని అదే. మిగతా వాగ్దానాలన్నీ నావి.

"తెలియక జరిగిపోయింది బాబూ" అన్నాడు పెదనాన్న చేతులు జోడించి. "కుర్రాడు సదువుకున్నోడు. ఏటీ తెల్దు."

"చట్టానికి తెలియడం, తెలియకపోవడం ఉండదండి." ఆయన టోపీ తీసి తలమీద పెట్టుకున్నారు. ఆ టోపీ పెట్టుకోవడంతో ఎదురుగా పిల్లతండ్రి మాయమై ఇన్‌స్పెక్టరు మిగిలాడు. "ఆ సీసా ఇలా ఇవ్వండి. అందులో ఉన్నది..."

ఆయన ఫ్లాస్కు కోసం చూశారు. నేనూ చూశాను. అది నా చేతిలో లేదు. నురగ లేచినప్పుడే మామ్మగారు దాన్ని నా చేతిలోంచి లాక్కుని వెండిగ్లాసులోకి వంపేసుకుంది. ఇప్పుడు ఫ్లాస్కుని గ్లాసు మీద తలకిందులుగా వంచి ఆఖరి బొట్టు కోసం అడుగున తడుతోంది.

"అమ్మా! తాగేసేవా?"

"అయిపోయిందిరా" అంది మామ్మ బెంగగా. ఆవిడ బుగ్గలు ఎర్రబడ్డాయి. "రసమంటే ఇదీ రసం! ముక్కులోకి ఎక్కింది, చెవుల్లోంచి దిగింది. మోకాళ్ళ నొప్పి ఎటెల్లిందో నేదు. బాబూ, మరి తెచ్చేవు కావేటి?"

"అమ్మా, అది రసం కాదు!"

"డెబ్బయ్యేళ్ళుగా తాగుతన్నాను, రసం కాదని నువ్వు సెప్తావేటి? నువ్వెప్పుడైనా తాగేవా?"

ఇన్‌స్పెక్టరుగారు తాగలేదు. తాగానని అనలేరు, తాగలేదని వాదించలేరు. ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకుని కుర్చీలో కూలబడ్డారు. వేళ్ళు మడుస్తూ తనలో తానే కేసు రాసుకోసాగారు.

"సాక్ష్యం మా అమ్మ కడుపులో ఉంది. సరుకు దొరికిన చోటు నా ఇల్లు. తాగిన మనిషి నా తల్లి. తెచ్చిన మనిషి నాకు కాబోయే అల్లు..."

ఆయన ఆగారు. ఆలస్యమైపోయింది.

"అన్నావురా!" మామ్మ గ్లాసు చాప మీద కొట్టింది. "అల్లుడన్నావు! నలుగురూ విన్నారు. అమృతఘడియలో అన్నావు. ఇక మాట లేదు."

"అమ్మా, నోరు జారేను. అయినా పిల్లనొకసారి అడగొద్దా?"

"అడుగు."

అందరూ గుమ్మం వైపు తిరిగారు. నేను తిరగలేదు. నా కాళ్ళ దగ్గర నురగలో ఈదుతున్న జంతికని చూస్తూ నిలబడ్డాను. పెళ్ళిచూపుల్లో అబ్బాయి అమ్మాయిని ప్రశ్నలడగడం రివాజు. ఆ రోజు ఎవరికీ ఆ రివాజు గుర్తులేదు.

సుభద్ర తడిసిన పళ్ళెం పక్కన పెట్టింది. "ఒక్క ప్రశ్న అడుగుతాను" అంది. "మీరు కాలేజీలో ఏం చదివేరు?"

నాకు ఎటూ తప్పించుకునే దారి కనబడలేదు.

"కెమిస్ట్రీ" అన్నాను.

ఆవిడ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పరిగెత్తింది. ముందు వంటింట్లోంచి, తరవాత పెరట్లోంచి, ఆ తరవాత నూతిగట్టు దగ్గర నుంచి నవ్వు వినబడింది. మా వైపు దాన్ని అంగీకారం అంటారు. మరే వైపైనా ఇంకేమైనా అంటారేమో, నేను విచారించలేదు.

కనుక, ఈ రాత మూలంగా నేను సూర్యుణ్ణి, చంద్రుణ్ణి, ఓడరేవులోని మా మావయ్యని సాక్షులుగా పెట్టుకుని చేస్తున్న ప్రతిజ్ఞ ఏమిటంటే: ఇక మీదట ఏ వస్తువు లోపల ఏం జరుగుతుందో బయటి నుంచి చూసి చెప్పను. గాజు, రేకు, ఇత్తడి, ఏదైనా సరే. ఈ ప్రతిజ్ఞ వస్తువులకే గాని మనుషులకి వర్తించదా అని నన్నడగకండి. పెళ్ళయి ఇన్నాళ్ళయినా, సుభద్ర ఆ రోజు ఎందుకు ఒప్పుకుందో నాకు తెలియదు. అడిగితే ఇప్పటికీ ముందు వంటింట్లోకి, తరవాత పెరట్లోకి వెళ్ళిపోతుంది.